ఎండబెట్టిన బిస్కెట్లు

నా జీవితంలో నేను చేసిన మొదటి పిండివంటా, ఆఖరి పిండివంటా ఒక్కటే. ఒక ఆదివారం పొద్దున మా గదిలో కిరోసిన్ స్టవ్వు మీద మొదలై, మధ్యాహ్నానికల్లా మా ఓనర్ ఆంటీ వంటింట్లో ముగిసింది. ఈ మధ్యలో ఒక మూకుడు పాడైంది, ఒక పెద్దాయన గుట్టు రట్టయింది, విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక మర్యాదస్తుడి పన్ను కదిలింది. ఇన్ని ఘనకార్యాలకూ మూలం ఓట్స్ బిస్కెట్లు. ఓవెన్ అక్కర్లేదు, చిన్నపిల్లలు కూడా చేయొచ్చు, ఎవరు చేసినా చెడిపోవు అని పేపర్లో రాశారు. పాపం, రాసినవాళ్లకు మా సంగతి తెలియదు.

తొంభైల నాటి మాట. నేనూ యాదగిరీ చిక్కడపల్లిలో ఒక డాబా మీది గదిలో ఉండేవాళ్లం. నాది సిద్దిపేట వైపు ఊరు, వాడిది పాలమూరు జిల్లా అచ్చంపేట వైపు. ఇద్దరం డిగ్రీలు పూర్తి చేసి, గ్రూప్స్ పరీక్ష రాసి ఆఫీసర్లమైపోదామని నగరానికి వచ్చినవాళ్లం. పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగు, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడి దేశాన్ని ఎలా బాగుచేయాలో చర్చ. మా గది ఎంత ఉండేదంటే, ఒకడు చొక్కా తొడుక్కోవాలంటే రెండోవాడు బయటికి పోవాలి. అయినా అది మాకు ప్రాణంతో సమానం. కోచింగుకు నడిచి పోవచ్చు, నీళ్లకు కొరత లేదు, పైగా పరీక్ష దగ్గరికొచ్చేసింది. ఆ గది పోతే బ్యాచిలర్లకు ఇల్లిచ్చే పుణ్యాత్ముల కోసం గాంధీనగర్ దాకా గేటు గేటుకూ తిరగాలి. ఆ తిరుగుడులో పరీక్ష కాస్తా గోవిందా అవుతుంది.

ఓనర్ ఆంటీ పేరు దమయంతి. బ్యాచిలర్లంటే ఆమెకు అస్సలు గిట్టదు. గిట్టకపోయినా మాకు గది ఎందుకు ఇచ్చిందంటే, వడియాల కోసం ఇచ్చింది. ఎండాకాలం వచ్చిందంటే ఆ డాబా మొత్తం ఆంటీ వడియాలదే. పాత పంచెలు పరిచి, సగ్గుబియ్యం వడియాలు, మినప వడియాలు, గుమ్మడికాయ వడియాలు వరసలు తీర్చి పెట్టేది. పెట్టడం వరకే ఆమె పని. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ మెట్లెక్కలేదు కాబట్టి కాకుల్నీ పావురాల్నీ తోలడం, మబ్బు పడితే గబగబా లోపల పెట్టడం మా పని. గదిలో దిగిన రోజే ఆమె ఈ సంగతి తేల్చి చెప్పింది.

"కిరాయి ఒకరోజు అటో ఇటో అయితే ఊకుంట. వడియాలకు ఏమన్నయితే మాత్రం ఊకోను, చెప్తున్న."

మేము బుద్ధిగా తలలూపాం. నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని, ఒకడు కాకిని తోలుతూ, ఇంకొకడు రాజ్యాంగంలో అధికరణాలు అప్పజెప్పుతూ, ఆ వేసవిలో చాలా రోజులు విజయవంతంగా కాపలా కాశాం. అప్పుడొచ్చింది ఆ దిక్కుమాలిన వాన. ఎండాకాలపు వాన మీకు తెలుసు కదా, చెప్పి రాదు. ఉరుము ఉరిమేసరికి ఇద్దరం లేచి మెరుపు వేగంతో పనిచేశాం. మా జిరాక్స్ నోట్సులు, మా పరుపులు, తీగ మీది లుంగీలు, అన్నీ తడవకుండా లోపలికి చేర్చాం. చేర్చి, తలుపు వేసుకుని, మా చురుకుదనాన్ని మేమే మెచ్చుకుంటుండగా కింద నుంచి కేక వినిపించింది. తలుపు తీసి చూస్తే సగ్గుబియ్యం వడియాలు పాయసమై డాబా తూము దారిన వీధిలోకి పోతున్నాయి.

ఆంటీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తడిసిన పంచెను పిండుతూ మెల్లగా అంది. "ఒకటో తారీకుకు గది ఖాళీ చెయ్యున్రి."

మేము బతిమాలాం. మా ఊళ్ల పేర్లు చెప్పాం, మా అమ్మల పేర్లు చెప్పాం. "పరీక్ష అయ్యేదాక ఉండనియ్యున్రి ఆంటీ" అన్నాం. ఆమె వినలేదు.

ఇప్పుడు అంకుల్ గురించి చెప్పాలి. ఆయన పేరు విశ్వనాథం గారు. బషీర్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఆంటీ మాటకు ఎదురు చెప్పడం ఆయన సర్వీసులోనే లేదు. ఆయనకు కొలెస్ట్రాల్ పెరిగిందని, పొద్దున ఇడ్లీలు దోశలు మానేసి ఓట్స్ జావ తాగాలని డాక్టరు చెప్పాడు. ఓట్స్ అంటే ఇప్పుడు ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి గానీ, అప్పట్లో అవి మందుల షాపులో డబ్బాల్లో దొరికే వస్తువు. ఆంటీ నారాయణగూడ దాకా పోయి ఆ డబ్బా తెచ్చేది. పొద్దున్నే లేచి, పాలు పోసి, యాలకుల పొడి వేసి, శ్రద్ధగా జావ కాచి ఇచ్చేది. అంకుల్ ఆ గిన్నె పట్టుకుని, "పైన సల్లగాలికి తాగుత" అంటూ డాబా ఎక్కేవారు. ఎక్కి, నేరుగా మా గదికి వచ్చేవారు.

మొదటిసారి ఆయన గిన్నె తెచ్చి యాదగిరి చేతిలో పెట్టినప్పుడు వాడు అటూ ఇటూ చూసి ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు.

"మంచిగుంది అంకుల్. గిదేంది?"

"గుర్రాల దాణా" అన్నారు అంకుల్ బాధగా. "నా చిన్నప్పుడు టాంగా గుర్రాలకు పెడుతుండె. ఇన్నేండ్లు సర్కారు నౌకరీ చేసింది గిది తినేటందుకా చెప్పు."

"అయితే గుర్రాలు మంచిగనే తింటున్నయి" అన్నాడు యాదగిరి, గిన్నె నాకుతూ.

ఆ రోజు నుంచి అంకుల్ జావ యాదగిరిదే. అంకుల్ ఖాళీ గిన్నె పట్టుకుని మూతి తుడుచుకుంటూ దిగిపోయేవారు. సందు చివర కొట్టులో ఉప్మా తినేవారు. అంతటితో ఊరుకున్నారా, లేదు. అసలు డబ్బానే ఖాళీ చేసేస్తే పీడ వదులుతుందనుకుని, ఆంటీ చూడకుండా డబ్బాలోంచి పచ్చి ఓట్స్ కూడా ప్లాస్టిక్ కవర్లో పోసి తెచ్చి మాకిచ్చేవారు. కానీ ఆంటీ లెక్క వేరు. డబ్బా ఇంత తొందరగా అయిపోతోందంటే ఆయనకు బాగా నచ్చిందన్నమాట. మురిసిపోయి ఇంకో డబ్బా తెచ్చేది. దాంతో మా మంచం కింద ఓట్స్ నిల్వలు పెరుగుతూ పోయాయి.

గది ఖాళీ చేయమన్న తరువాత ఒక సాయంత్రం అశోక్‌నగర్‌లో మిర్చి బజ్జీలు తింటున్నాం. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. అచ్చులో ఏది కనిపించినా చదివేస్తారు. యాదగిరి బజ్జీలు తినేసి, అవి కట్టిచ్చిన పేపరు ముక్కను కూడా శ్రద్ధగా చదివాడు. చదివి, ఒక్కసారిగా నా భుజం పట్టుకున్నాడు.

"సీనూ, ఇగో చూడు. ఓట్స్ బిస్కెట్లు. ఓవెన్ అక్కర లేదంట. వెన్న, చక్కెర, పాలు, కోకో పొడి మరిగించాలె. ఓట్స్, పల్లీల ముద్ద కలపాలె. చెంచాతోని కాయితం మీద వేసి గట్టిపడేదాక వదిలెయ్యాలె. గంతే."

"అయితే ఏంది?"

"ఆంటీకి చేసిద్దాం రా. గంత మంచిగ బిస్కెట్లు చేసిస్తే గది ఖాళీ చెయ్యమని ఏ నోటితో అంటది?"

"ఓట్స్ ఎక్కడియి అంటే?"

"ఓట్స్ అని ఎందుకు చెప్తం? బిస్కెట్లంటం."

ఇంత తెలివైనవాడితో ఒకే గదిలో ఉంటున్నందుకు నాకు గర్వంగా అనిపించింది.

ఆదివారం తెల్లారగానే పని మొదలుపెట్టాం. వెన్న కొన్నాం, పాలు కొన్నాం. కోకో పొడి అంటే ఏమిటో కిరాణా కొట్టాయనకు తెలియదు, మాకూ తెలియదు కాబట్టి పిల్లలు పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడితో సరిపెట్టుకున్నాం. పల్లీల ముద్ద దగ్గర ఆగాం. మా దగ్గర రోలు లేదు, మిక్సీ లేదు. యాదగిరి వాళ్లమ్మ ఊరి నుంచి పంపిన పల్లీల పొడి మాత్రం సీసా నిండా ఉంది. ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేసి దంచిన పొడి.

"దీంట్ల కారముంది గదరా" అన్నాను.

"చక్కెర గూడ ఉంది గద. దానికి దీనికి సరిపోతది."

ఈ వాదనలో తప్పెక్కడుందో ఆ క్షణంలో నాకు దొరకలేదు. సీసా బోర్లించాం.

తరువాత మరిగించడం. కాసేపు మరిగితే చాలని పేపర్లో ఉంది. అక్కడ నా పాండిత్యం అడ్డొచ్చింది. మా అమ్మ లడ్డూలు చేసేటప్పుడు పాకం తీగ సాగేదాకా కాచేదని నాకు గుర్తు. అది గుర్తుండటం తప్ప వంట గురించి నాకు ఇంకేమీ తెలియదు. యాదగిరి ఆపుదామంటే నేను ఆపనివ్వలేదు. తీగ వచ్చింది. ఇంకాసేపు ఉంచితే తాడు కూడా వస్తుందని ఉంచాను. యాదగిరి గరిటె తిప్పలేక రెండు చేతులూ వేశాడు. పాకం చిక్కబడితే మళ్లీ కాసిని పాలు, పలచబడితే ఇంకాస్త ఓట్స్. అలా పోస్తూ వేస్తూ పోయేసరికి గిన్నె నిండా నల్లగా, చిక్కగా ఒక పదార్థం తయారైంది. దాని వాసన తీపిగానూ ఉంది, వెల్లుల్లిగానూ ఉంది. బాగుందో లేదో ముక్కు తేల్చుకోలేకపోయింది.

ఇక మిగిలింది గట్టిపడేదాకా వదిలేయడం. మీలో బిస్కెట్లు చేసేవాళ్లు ఇక్కడ తల పట్టుకుంటారని నాకు తెలుసు. వాటిని చల్లటి చోట ఉంచాలని ఇప్పుడు నాకూ తెలుసు. కానీ ఒక్కటి ఆలోచించండి. చెంచాతో తీసి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, గట్టిపడేదాకా వదిలేయడమనే పని మన ఇళ్లల్లో ఎండలో తప్ప ఇంకెక్కడ జరుగుతుంది? మా ఇద్దరికీ ఇందులో చర్చించడానికే ఏమీ కనిపించలేదు. నెత్తిన బంగారంలాంటి ఎండ ఉండగా గదిలో ఎందుకు పెడతాం?

కాగితాలు పరిస్తే గాలికి పక్కింటి డాబా మీదికి పోయాయి. అందుకని ఆంటీ వడియాల పంచె ఒకటి తెచ్చి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి పరిచాం. ఆ వేసవంతా వడియాలకు కాపలా కాసిన అనుభవం ఊరికే పోలేదు. వరసలు ఎంత చక్కగా వచ్చాయంటే, దూరం నుంచి చూస్తే ఆంటీ స్వయంగా పెట్టినట్టే ఉన్నాయి. మేమూ దూరం నుంచి చూసి సంతోషించాం.

అంతలో అంకుల్ జావ గిన్నె పట్టుకుని వచ్చారు.

"ఏందివి?"

"బిస్కెట్లు అంకుల్. ఆంటీ కోసం చేసినం. ఓట్స్‌తోని" అన్నాడు యాదగిరి.

అంకుల్ గిన్నె కింద పెట్టేశారు. "ఓట్సా? మన ఓట్సా?"

"మీ ఓట్సే."

"అరె బాబు, నన్ను పరేషాన్ చేస్తున్నరు గదా. ఆమెకు తెలిస్తే నన్ను గూడ మీతోని పాటే ఖాళీ చెయ్యమంటది."

"ఓట్స్ అని మేం చెప్పం అంకుల్" అన్నాను నేను. "మీరు జర కాకులను చూడున్రి. మాకు కోచింగ్ల టెస్టుంది. మధ్యాహ్నంకల్లా వచ్చేస్తం."

"కాకులను తోలుత. మీ ఆంటీ అడిగితే ఏం చెప్పాలె?"

"ఏదో ఒకటి చెప్పున్రి. ఓట్స్ అనకున్రి, గంతే."

ఈ కథలో అసలు నేరం ఆ ఒక్క మాటే. జీవితంలో ఎవరికైనా ఏ పనైనా అప్పగించండి గానీ, కంగారులో ఉన్న మనిషికి 'ఏదో ఒకటి చెప్పండి' అని మాత్రం చెప్పకండి.

టెస్టు రాసి, అశోక్‌నగర్ నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చేసరికి డాబా ఖాళీగా ఉంది. బిస్కెట్లు లేవు, పంచె లేదు, అంకుల్ లేరు. నాలుగు ఇటుకలు మాత్రం ఉన్నాయి.

"పావురాలు తిన్నయేమోరా" అన్నాడు యాదగిరి.

"పంచెతో సహానా?"

అప్పుడే కింద నుంచి ఆంటీ గొంతు వినిపించింది. ఆ గొంతులో అంత తీపి ఉంటుందని మేము ఎన్నడూ అనుకోలేదు. "శ్రీనివాస్, యాదగిరీ, కిందికి రాండ్రి బాబు. అన్నం తిందురు."

భయపడుతూ దిగాం. హాల్లో చాపలు వేసి, విస్తళ్లు వేసి ఉన్నాయి. ఒక విస్తరి ముందు ఎవరో కొత్తాయన, ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, ఎంతో మర్యాదగా కూర్చుని ఉన్నారు. ఆంటీ పరిచయం చేసింది. పేరు ప్రసాదరావు గారు, బ్యాంకు ఉద్యోగి, విజయవాడ నుంచి బదిలీ అయి వచ్చారు. కుటుంబం వచ్చేదాకా ఒక్కరే ఉంటారు. ఒకటో తారీకు నుంచి మా గదిలోకి రాబోయేది ఆయనే.

"నమస్కారమండి" అన్నారు ప్రసాదరావు గారు. "మీ గది చూశానండి. చిన్నదైనా గాలీ వెలుతురూ బాగున్నాయండి."

ఆంటీ మమ్మల్ని పక్కకు పిలిచింది. చూస్తే ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"నా వడియాలు తడిపిన్రని ఎన్నెన్ని మాటలన్న మిమ్మల్ని. మళ్ల మీరే పొద్దున లేచి నాకోసం వడియాలు పెట్టిన్రట గదా. అంకుల్ చెప్పిన్రు. సొంత పిల్లలు గూడ గిట్ల చెయ్యరు. ఖాళీ చేసే ముచ్చట నేను మళ్ల ఆలోచిస్త, మీరు పరేషాన్ గాకున్రి. ముందు కూర్చోన్రి, నాలుగు వేయించుకొస్త."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. మేము అంకుల్ వైపు తిరిగాం. అంకుల్ పైన ఫ్యానును పరిశీలిస్తున్నారు.

"అంకుల్, వడియాలన్నరా?" అన్నాను లోగొంతుకతో.

"మరేమనాలె? డాబా మీద, పంచె మీద ఎండుతున్నయి. కాకులను తోలుతున్న. వేరే పేరు నోటికి రాలే. ఆమె కిందికి తెమ్మన్నది. ఇంక ఎండలే అన్న. వెల్లుల్లి వాసన మంచిగొస్తుంది, వేగుతయిలే అన్నది."

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. నోరు తెరిచి నిజం చెబితే అంకుల్ గుట్టు పోతుంది, ఇప్పుడే చేతికందిన గది మళ్లీ పోతుంది. నోరు మూసుకుంటే గది దక్కుతుంది. నేను నోరు మూసుకున్నాను. మూకుడులో వేసిన బిస్కెట్ కూడా నాలాగే నోరు మూసుకుని మునుగుతుందని ఆశపడ్డాను.

వంటింట్లోంచి ఆంటీ మాటలు ఒక్కొక్కటే వినిపించాయి.

"ఏందివి, పొంగుతలేవు."

కాసేపాగి, "ఏందివి, గిట్ల పొంగుతున్నయి."

ఇంకాసేపాగి, "అయ్యో, ఏమండీ, జల్ది రాండ్రి."

అంకుల్ పరుగెత్తారు, వెనక మేము పరుగెత్తాం. మూకుడు మీద నురగ లేచి పొయ్యి మీదికి కారుతోంది. వెన్న, పాలు, చక్కెర అన్నీ కలిసి సలసల కాగే నూనెలో ఏమేం చేయగలవో అన్నీ చేస్తున్నాయి. పొగ పైకప్పు దాకా ఉంది. అంకుల్ గ్యాస్ కట్టేశారు. ఆంటీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గరిటెతో దేవితే, కరగకుండా మిగిలినవి కొన్ని బయటపడ్డాయి. నేను పట్టించిన తాడు పాకం వాటిని కాపాడింది. అవి నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

ఆంటీ మంచితనం చూడండి, తప్పు మా మీద వేయలేదు. "నూనె ఎక్కువ కాగినట్టుంది, పిల్లల తప్పు కాదు" అంటూ వాటినే ఒక ప్లేటులో పెట్టి తెచ్చి, అందరికంటే ముందు అతిథికి వడ్డించింది.

ప్రసాదరావు గారు పప్పన్నం కలుపుకుని, ముద్ద పెట్టుకుని, వడియం కొరికారు. టక్కుమని చప్పుడు మాకందరికీ వినిపించింది. ఆయన నమలడం ఆపారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కారానికో, పన్నుకో చెప్పలేను.

"చాలా కొత్తగా ఉన్నాయండి" అన్నారు చివరికి. "తీపీ ఉంది, కారమూ ఉంది. ఏం పిండండి ఇది? మినుములా?"

మేమిద్దరం అంకుల్ వైపు చూశాం, అంకుల్ ఫ్యాను వైపు చూశారు. ఆంటీకి అనుమానం వచ్చింది. పంచె మీద వేయించకుండా మిగిలిన ఒకదాన్ని తెచ్చి, వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకుంది. ఎన్నో పొద్దులు ఆ గింజలు కాచిన చెయ్యి అది. ఇట్టే పట్టేసింది.

"ఇవి ఓట్స్ గదా."

మా ఇద్దరి వైపు తిరిగింది.

"మీకు ఓట్స్ ఎక్కడియి?"

"కొన్నం ఆంటీ" అన్నాను.

"ఏ షాపుల?"

నాకు మందుల షాపు పేరు తట్టలేదు. నన్ను ఆదుకుందామని యాదగిరి ముందుకొచ్చాడు. వాడు మంచివాడు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఆంటీని మెప్పించి ఈ గండం గట్టెక్కిద్దామనుకున్నాడు.

"ఓట్స్ అంటే మాకు పానం ఆంటీ. గిట్ల గాదు గని, మీరు పొద్దున ఇలాచి వేసి జావ చేస్తరు గద. గదైతే మస్తుంటది."

ఆంటీ మెల్లగా అంకుల్ వైపు తిరిగింది. "నేను ఇలాచి వేస్తనని ఈ పిలగానికెట్ల ఎరుక?"

"పైదాక వాసనొచ్చి ఉంటది" అన్నారు అంకుల్ ఫ్యానును చూస్తూ.

"వాసన గూడ మంచిగుంటది" అన్నాడు యాదగిరి.

నేను వాడి కాలు తొక్కాను గానీ అప్పటికే అయిపోయింది. ఆంటీ యాదగిరి బుగ్గల వైపు చూసింది. వాడు ఊరి నుంచి వచ్చినప్పుడు ఎండుకట్టెలా ఉండేవాడు. ఇప్పుడు బుగ్గలు నిండాయి, ముఖంలో కళ వచ్చింది. తరువాత అంకుల్ పొట్ట వైపు చూసింది. ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"రోజూ తింటుంటే ఎందుకు తగ్గుతలేదమ్మా అని డాక్టర్ అడిగిండు. నేను ఆ డాక్టర్‌నే తిట్టుకుంట ఇంటికొచ్చిన" అంది. "రోజూ పొద్దుగాల లేచి ఎవరి కోసం కాస్తున్న నేను?"

అంతదాకా మూకుడు గురించీ గది గురించీ భయపడుతున్న నాకు ఆ మాటతో సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. అంకుల్ ఫ్యానును వదిలేసి ఆమె వైపు చూశారు.

"నువ్వు గంత పానం పెట్టి చేస్తవు, దమయంతీ. పారబోయబుద్ధి గాలే. అందుకే వీనికిచ్చిన."

ఆంటీ కళ్లు తుడుచుకుని, మాకు చారు వడ్డించింది. మేము తలలు వంచుకుని తిన్నాం. ప్రసాదరావు గారు మజ్జిగతో ముగించి, దవడ పట్టుకుని లేచారు. "గది సంగతి మళ్లీ కబురు చేస్తానండి" అన్నారు. గేటు దాకా సాగనంపిన నన్ను మెల్లగా అడిగారు, "ఈ చుట్టుపక్కల పళ్ల డాక్టరు ఎవరైనా ఉన్నారాండి?" ఆయన కబురు ఇప్పటిదాకా రాలేదు.

సాయంత్రం ఆంటీ మమ్మల్ని పిలిచింది. సామాను సర్దుకునే వెళ్లాం.

"ఖాళీ చేసేది లేదు" అంది ఆంటీ.

యాదగిరి ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె ఆపింది.

"ఆగు. వడియాలకు కాపలా మీతోని కాదు. రేపటి సంది మీ అంకుల్‌కు కాపలా ఉండాలె. రోజూ పొద్దున కిందికొచ్చి, ఆయన గిన్నె ఖాళీ అయ్యేదాక పక్కన కూర్చోవాలె. ఒక్క చెంచా పైకి పోయినా, గిన్నెతోని పాటు మీరు గూడ బయటికే."

"గంతేనా ఆంటీ" అన్నాను సంతోషం పట్టలేక.

"ఊకె కూర్చుంటరా? మీకు గూడ చెరొక గిన్నె. పానం అన్నరు గద."

యాదగిరి ముఖం వెలిగింది. "ఇలాచి వేస్తరు గద ఆంటీ?"

"మీ ముగ్గురికీ ఇలాచి బంద్" అంది ఆంటీ.

పరీక్ష అయ్యేదాకా, అయ్యాక ఫలితాలు వచ్చేదాకా, రోజూ పొద్దున ముగ్గురం వరసగా కూర్చుని ఆ చప్పటి జావ మింగాం. అంకుల్ ప్రతి చెంచాకూ ఒకసారి మా వైపు చూసేవారు. ఆ చూపులో ఏముందో రాయడం నా వల్ల కాదు. చివరికి ఆయన కొలెస్ట్రాల్ మాత్రం తగ్గింది. డాక్టరు ఆ ఘనత తన మందులకు ఇచ్చుకున్నాడు.

మొన్న నా డాక్టరు కూడా రిపోర్టు చూసి, కళ్లద్దాలు పైకి జరిపి, పొద్దున ఓట్స్ తినండి అన్నాడు. మా ఆవిడ ఆ సాయంత్రమే తెచ్చింది. కాబట్టి చదువరులైన మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పొయ్యి మీద టీ తప్ప ఏదీ మరిగించను. మరిగించినా ఎండలో పెట్టను. పెట్టినా, దానికి పేరు పెట్టే పని ఇంకొకరికి అప్పగించను. ఇక పోతే, మా డాబా మీద గది ఒకటి ఖాళీగా ఉంది. బ్యాచిలర్లకు మాత్రమే ఇస్తాం. పొద్దున బాగా ఆకలేసేవాళ్లయితే కిరాయి దగ్గర పేచీ ఉండదు.